తిరిగి వస్తావా? - వీసా కిటికీ, మన వలస కథ

ఆ మధ్య ఒక సాహిత్య సభలో ప్రవాసాంధ్రుల కథల గురించి మాట్లాడుతూ ఒక పెద్దాయన, తెలుగు కథకు ఇప్పుడు సముద్రాలకు అవతల కూడా ఒక జిల్లా ఏర్పడిందని అన్నారు. మాట బాగుంది. సభ చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. కాని ఇంటికి వచ్చి, ఆయన మెచ్చుకున్న తరహా కథలను నా దగ్గర ఉన్నంత మేరకు మళ్ళీ తిరగేస్తే ఒక సంగతి తట్టింది. ఈ కథలలో చాలా భాగం విమానం దిగిన తరువాతనే మొదలవుతాయి. కురిసే మంచు, తెలుగు పలకని పిల్లలు, ఊళ్ళో ఒంటరిగా మిగిలిపోయిన తల్లి, పండుగనాటి బెంగ - ఇవన్నీ ఉన్నాయి. విమానం ఎక్కడానికి ముందు ఒక గాజు కిటికీ ఉందనీ, దాని ముందు నిలబడిన వాళ్ళలో అనేకులు ఫైలు చంకలో పెట్టుకుని బస్సెక్కి ఇంటికి తిరిగి వచ్చారనీ చెప్పే కథ నాకు కనిపించడం బహు అరుదు.

ఇది కేవలం వస్తువు కొరత అయితే దీనికోసం వ్యాసం రాయనక్కరలేదు. రేపు ఎవరో ఒకరు ఆ వస్తువు తీసుకుని కథ రాస్తే లోటు తీరిపోతుంది. నా వాదన అది కాదు. ప్రవాస కథకు ప్రాణమని చలామణీ అవుతున్న ప్రశ్న ఒకటుంది: తిరిగి వెళ్ళాలా, ఉండిపోవాలా? ఈ ప్రశ్న హృదయానికి సంబంధించిందనీ, మాతృభూమి మమకారానికీ సుఖజీవితానికీ మధ్య జరిగే అంతస్సంఘర్షణ అనీ మన విమర్శకులు వ్యాఖ్యానిస్తున్నారు. నేను అనేదేమంటే, ఆ ప్రశ్నను మొట్టమొదట వేసింది హృదయం కాదు, చట్టం. వేసిన చోటు ఆ గాజు కిటికీ. జవాబు కూడా చట్టమే ముందుగా నిర్ణయించి ఉంచింది. ఈ పుట్టుక మరచిపోయినంతకాలం మన వలస కథ సగం వాస్తవాన్నే చెబుతుంది. ఆ సగం కూడా గెలిచినవాడి వైపు సగమే.

ముందుగా ఆ చట్టాన్ని ఒక రచనగా చదవమని పాఠకులకు మనవి చేస్తున్నాను. మన పిల్లలు అధికంగా వెళ్ళే దేశాలలో మొదటిది అమెరికా. 2024-25 విద్యా సంవత్సరంలో అక్కడ మన దేశపు విద్యార్థులు సుమారు 3 లక్షల 63 వేలమంది ఉన్నారు. మరే దేశం నుంచీ అంతమంది లేరు. ఆ దేశం ఇచ్చే విద్యార్థి వీసాకు ఆధారం 1952 నాటి వలస చట్టం. ఆ చట్టం దృష్టిలో విద్యార్థి అంటే, వదులుకునే ఉద్దేశం లేని నివాసం స్వదేశంలో ఉండి, చదువుకోసమే తాత్కాలికంగా వచ్చే మనిషి. అదే చట్టంలో 214(బి) అనే నిబంధన ఉంది. దాని ప్రకారం వీసా కోరినవాడు స్థిరపడటానికే వస్తున్నాడని ముందుగా భావించాలి. కాదని కాన్సులేటు అధికారికి నమ్మకం కలిగేటట్టు రుజువు చేసుకునే భారం అతనిదే.

ఇందులోని విచిత్రం గమనించండి. న్యాయస్థానంలో నిలబడిన ముద్దాయికి సైతం నేరం రుజువయ్యేదాకా నిర్దోషి అన్న రక్షణ ఉంది. పుస్తకాల సంచీతో నిలబడిన విద్యార్థికి అది లేదు. పైగా అతను రుజువు చేయవలసింది జరిగిపోయిన పనిని కాదు, జరగబోయే పనిని. నిజానికి పనిని కూడా కాదు, మనసులో ఉన్న ఉద్దేశాన్ని. అదీ రెండు మూడు నిమిషాలలో, పరాయి భాషలో, గాజు పలకకు ఇవతల నిలబడి. కాదంటే అప్పీలు చేసుకోవడానికి పై అధికారి లేడు. మళ్ళీ రుసుము చెల్లించి మళ్ళీ వరుసలో నిలబడవచ్చు, అంతే. 2023 అక్టోబరు నుంచి 2024 సెప్టెంబరు దాకా గల ఏడాదిలో ప్రపంచం మొత్తంమీద ఆ దేశానికి వచ్చిన ఎఫ్-1 దరఖాస్తులు సుమారు 6 లక్షల 79 వేలు. వాటిలో కాదన్నవి సుమారు 2 లక్షల 79 వేలు. అంటే నూటికి 41. ఇంతమంది అనుభవం సాహిత్యంలోకి రాకపోవడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

ఈ చట్టం పుట్టిన కాలాన్ని కూడా జ్ఞాపకం చేసుకోవాలి. అవి ప్రచ్ఛన్నయుద్ధపు రోజులు. అధ్యక్షుడు ట్రూమన్ ఈ బిల్లును తిరస్కరించి పంపితే, ఆ తిరస్కారాన్ని తోసిరాజని కాంగ్రెసు దీన్ని చట్టం చేసింది. కమ్యూనిస్టులనీ, వాళ్ళతో సంబంధం ఉన్నవాళ్ళనీ అనుమానం వస్తే గుమ్మంలోనే ఆపే నిబంధనలు ఇందులో ఉండేవి. పాబ్లో నెరూడా, గార్షియా మార్క్వెజ్, దారియో ఫో వంటివారికి ఈ నిబంధనల వల్లనే ఆ దేశంలో అడుగుపెట్టడం కష్టమయింది. అభిప్రాయాల మీది ఆ నిషేధాలలో అధికభాగం 1990లో తొలగాయి. అదే 1990లో మరో మార్పు కూడా జరిగింది. ఉద్యోగం మీద వెళ్ళే హెచ్-1బి వారికీ, కంపెనీలు బదిలీ చేసి పంపే ఎల్ వీసా వారికీ 214(బి) అనుమానం నుంచి మినహాయింపు ఇచ్చారు. విద్యార్థికి ఇవ్వలేదు. శ్రమను అమ్ముకోవడానికి వచ్చేవాడు మనసులో రెండు ఉద్దేశాలు పెట్టుకోవచ్చు, చదువుకోవడానికి వచ్చేవాడు ఒక్కటే పెట్టుకోవాలి! ఎవరి మనసులో ఎన్ని ఉద్దేశాలు ఉండవచ్చునో పెట్టుబడి అవసరమే నిర్ణయిస్తుందనడానికి ఇంతకన్నా నిదర్శనం ఎందుకు?

ఇక నాకు తెలిసిన ఒక ఉదంతం చెబుతాను. మా కళాశాల పొగాకు పండే మెట్ట ప్రాంతంలో ఉంది. నేను అక్కడ తెలుగు చెబుతాను. ఏటా వెలువడే కళాశాల సంచికకు సంపాదకత్వం కూడా నాదే. మూడేళ్ళ క్రితం బి.ఎస్సి. చివరి సంవత్సరం చదువుతున్న కుర్రవాడొకడు, తాను విదేశం ఎందుకు వెళ్ళదలచుకున్నాడో చెబుతూ సంచికకు ఒక వ్యాసం ఇచ్చాడు. వాళ్ళ నాన్న కౌలుకు పొగాకు వేస్తాడు. బ్యారన్ కూడా అద్దెదే. ఒక ఏడాది బేళ్ళు నోబిడ్ అయి, వేలం నుంచి వెనక్కి వచ్చాయి. ఆ రాత్రి తండ్రి ట్రాక్టరు మీద నుంచి ఒక్కొక్క బేలే దించుతూ ఎవరితోనూ మాట్లాడలేదని ఆ వ్యాసంలో ఉంది. తాను వెళ్ళాలనుకోవడం ఆ రాత్రే మొదలైందని రాశాడు. చివరి పేరాలో, వెళ్ళినవాడు తిరిగి వస్తాడా అని అమ్మ అడిగితే ఏం చెప్పాలో తెలియలేదనీ, అప్పు తీరేదాకా రాలేననీ, తీరిన తరువాత రావాలనిపిస్తుందో లేదో ఇప్పుడు ఎలా చెప్పగలననీ రాశాడు.

కొన్నాళ్ళకు అతను మరో రచన తెచ్చి చూపించాడు. ఇది ఇంగ్లీషులో ఉంది. విశ్వవిద్యాలయానికీ, వీసాకూ పెట్టవలసిన ఉద్దేశ ప్రకటన. పట్నంలో ఒక కన్సల్టెన్సీ వారు రాసి ఇచ్చారు. ఇందులో పొగాకు లేదు, బేలు లేదు, ఆ రాత్రి లేదు. బాల్యం నుంచీ కంప్యూటర్లంటే గల మక్కువ ఉంది. చదువు పూర్తి కాగానే స్వదేశానికి వచ్చి దేశాభివృద్ధికి పాటుపడతానన్న ప్రతిజ్ఞ ఉంది. దానికి జతచేసిన కాగితాలు ఇంకా ఆసక్తికరమైనవి. మేనమామ పేరుతో పూచీ పత్రం, ఇంటికీ పొలానికీ కట్టించిన విలువ, వడ్డీకి తెచ్చి కొన్ని వారాలపాటు ఖాతాలో నిలిపి చూపించిన బ్యాంకు బ్యాలెన్సు. మా కళాశాలలో ఫీజు రీయింబర్స్‌మెంటు కోసం ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రంలో ఈ కుటుంబమే బీద కుటుంబం. స్వదేశపు ప్రభుత్వం దగ్గర చదువు కావాలంటే బీదవాడినని రుజువు చేసుకోవాలి. విదేశపు ప్రభుత్వం దగ్గర కావాలంటే కలవాడినని రుజువు చేసుకోవాలి. రెండు రుజువులలో మొదటిదే నిజమని వేరే చెప్పనక్కరలేదు.

అతనికి వీసా రాలేదు. ఏ దేశమో ఇక్కడ చెప్పను. ఈ విషయంలో సంపన్న దేశాలన్నిటి ధోరణీ ఒకటే. చేతికి ఇచ్చిన కాగితంలో, స్వదేశంతో తగినంత గట్టి బంధాలు ఉన్నట్టు రుజువు కాలేదని ఉంది. నేను ఆ వాక్యాన్ని చాలాసేపు చూశాను. ఇల్లు బంధకంలో ఉంది. మేనమామ పొలం మీద అప్పు పుట్టించి ఉంది. వడ్డీ నెలనెలా పెరుగుతోంది. ఇంతకన్నా గట్టి బంధం మనిషికి స్వదేశంతో ఏముంటుంది? కాని చట్టం దృష్టిలో ఆస్తి బంధం, అప్పు బంధం కాదు. ఆస్తి ఉన్నవాడు తిరిగి వస్తాడు, అప్పు ఉన్నవాడు రాడు. చట్టం వాడే 'బంధం' అన్న మాటకు వర్గ స్వభావం ఉందని నాకు అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం అతను మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, తెలుగులో రాసిందే అక్కడ చెప్పివుంటే ఏమయ్యేదండీ?" అని అడిగాడు. అప్పుడూ రానిచ్చేవారు కారన్నాను. "అయితే నిజం చెప్పి పోగొట్టుకున్నా బాగుండేది గదండీ" అన్నాడు.

ఈ రెండు రచనలనూ విమర్శకుడు ఎలా బేరీజు వేయాలి? మొదటిదానిలో నాకు గొప్పగా కనిపించేది ఆ చివరి పేరా. ఇరవై ఏళ్ళవాడు తన భవిష్యత్తు గురించి చిత్తశుద్ధితో చెప్పగల మాట 'తెలియదు' అన్నదొక్కటే. వాస్తవికతావాదం కోరేది కూడా అదే: మనిషి తన పరిస్థితుల మధ్య ఉన్నట్టుగా కనబడాలి, పరిస్థితులు మారితే మారగలవాడుగా కనబడాలి. రెండో రచన నిషేధించేది సరిగ్గా ఆ మాటనే. తెలియదన్నవాడు ఆ కిటికీ దగ్గర ఓడిపోతాడు. కనుక ప్రతి విద్యార్థీ తన ఆత్మకథలో మొదటి అధ్యాయం కల్పించి రాయవలసి వస్తోంది. అబద్ధం విద్యార్థి స్వభావంలో లేదు. ఆ రూపంలోనే ఉంది. రూపాన్ని నిర్దేశించింది చట్టం. కన్సల్టెన్సీలు నడిపే మాక్ ఇంటర్వ్యూలు ఆ నాటకానికి రిహార్సలు.

కిటికీ అవతల కూర్చున్న అధికారి దుర్మార్గుడని నేను అనడం లేదు. అతని పాత్రను కూడా రాసి ఇచ్చినవాళ్ళు వేరే ఉన్నారు. ఆ రాసినవాళ్ళ అవసరాలలోనే ఒక వైరుధ్యం ఉంది. సంపన్న దేశాల విశ్వవిద్యాలయాలకు ప్రభుత్వపు గ్రాంట్లు తగ్గేకొద్దీ విదేశీ విద్యార్థి చెల్లించే అధిక ఫీజు ప్రాణాధారమయింది. అక్కడి పరిశ్రమలకు చదువుకున్న యువశ్రామికుడు కావాలి. కాబట్టి చదువు తరువాత అక్కడే కొంతకాలం పని చేయవచ్చునన్న ఆశ చూపించి పిలుస్తారు. అమెరికాలో సైన్సు, సాంకేతిక శాఖలవారికి ఆ గడువును 2016లో మొత్తం మూడేళ్ళకు పెంచారు. మరోవైపు, జీతాలు పెరగక, ఇళ్ళ అద్దెలు భరించలేక విసిగిపోయిన తమ ప్రజలకు ఆ కష్టాలకు కారకుడుగా చూపించడానికి ఒక పరాయివాడు కావాలి. కాబట్టి గుమ్మంలో ఆపుతున్నట్టు కనిపించాలి. పిలిచేది ఒక చేయి, నెట్టేది మరో చేయి, శరీరం ఒక్కటే.

నెట్టే చేయి ఈ రెండు మూడేళ్ళలో ఎంత బలపడిందో చూడండి. కెనడా 2024 జనవరిలో విద్యార్థి అనుమతులకు పరిమితి విధించింది. ఏడాది జీవనానికి చూపించవలసిన సొమ్మును అంతకు ముందున్న 10,000 డాలర్ల నుంచి 20,635కు పెంచింది. ఇళ్ళ కొరతను ఒక ముఖ్య కారణంగా చెప్పింది. ఆ ఇళ్ళను విద్యార్థులు కట్టకుండా ఆపలేదు గదా! ఆస్ట్రేలియా దరఖాస్తు రుసుము 2024 జూలైలో 710 డాలర్ల నుంచి 1,600 అయింది. మరుసటి ఏడాది 2,000 అయింది. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. బ్రిటన్ 2024 జనవరి నుంచి, సాధారణ మాస్టర్స్ కోర్సులకు వచ్చేవారు భార్యనో భర్తనో, పిల్లలనో వెంట తెచ్చుకోరాదన్నది. అమెరికా 2025 మే నెలాఖరులో కొత్త విద్యార్థి ఇంటర్వ్యూల నమోదునే ఆపివేసి, మూడు వారాల తరువాత కొత్త షరతులతో తెరిచింది. ఆ జూన్‌లోనే 12 దేశాల ప్రజల రాకను దాదాపుగా నిషేధించింది. విద్యార్థులకూ మినహాయింపు లేదు. ఇక గాజా విద్యార్థుల సంగతి చెప్పాలంటే నోరు రాదు. 2025లో బ్రిటిష్ విశ్వవిద్యాలయాలలో సీటూ, స్కాలర్‌షిప్పూ సంపాదించుకున్నవాళ్ళు కూడా వేలిముద్రలు ఇవ్వడానికి అక్కడ వీసా కేంద్రం లేక, ఇవ్వగల చోటికి పోవడానికి దారి లేక, బాంబుల కింద నెలల తరబడి నిరీక్షించారు. మన కుర్రవాడి వరుసలోనే, అతనికి చాలా వెనుక, వాళ్ళు కూడా నిలబడి ఉన్నారన్న సంగతి మనం విస్మరించరాదు.

ఈ కిటికీ అనాదిగా ఉన్నది కాదు. మన సాహిత్యంలోనే దానికి సాక్ష్యం ఉంది. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశం మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు నుంచి బయలుదేరిన ఆ పార్వతీశం అమాయకత్వం చూసి మనం వంద సంవత్సరాలుగా నవ్వుతున్నాం. అతనికి రైలు తెలియదు, ఓడ తెలియదు, హోటలు మర్యాదలు తెలియవు. కాని ఇంగ్లండులో దిగడానికి అతనికి వీసా అక్కరలేదు; బ్రిటిష్ ప్రజగా అతను లెక్కకు వచ్చాడు. తిరిగి వెళ్తావా అని గుమ్మంలో నిలదీసే చట్టం అప్పటికి లేదు గనుకనే ఆ నవలకు అంత తేలికైన హాస్యం సాధ్యమయింది. ఈనాటి పార్వతీశం మొదటి ప్రకరణంలోనే ఆగిపోతాడు. అలాగని ఆ పాత కాలాన్ని మెచ్చుకోవలసిన పని లేదు. అది బానిసకు యజమాని ఇంటిలో ఉండే ప్రవేశం. మనం స్వతంత్రులమై, కామన్వెల్తు ప్రజలు పనికోసం ఆ ఇంటికి రావడం మొదలయ్యాక, 1962లో బ్రిటన్ వలస నియంత్రణ చట్టం చేసి తలుపు దగ్గర కాపలా పెట్టింది.

అమెరికాలో కాపలా అంతకు ముందునుంచే ఉంది. కనిగిరిలో పుట్టిన దరిశి చెంచయ్యగారు చదువుకోసం అమెరికా వెళ్ళి, 1913లో ఏర్పడిన గదర్ పార్టీలో చేరారు. ఆయన ఆత్మకథ 'నేనూ నా దేశం' మన విద్యార్థులు చదివి తీరవలసిన పుస్తకం. గదర్ నాయకుడు హరదయాళ్‌ను 1914లో అరెస్టు చేసింది అక్కడి వలస శాఖ అధికారులే. 1917లో ఆసియా వాసులు చాలామందికి తలుపు మూశారు. విద్యార్థులకు మాత్రం సందు ఉంచారు. విద్యార్థిని రానివ్వాలి, కాని అతను విద్యార్థిగానే ఉండాలి, అభిప్రాయం గల మనిషి కారాదు: ఈ సూత్రానికి నూరేళ్ళు దాటింది.

వీసా అన్న మాటను పేరులో పెట్టుకున్న గొప్ప రచన ఒకటి మన దేశంలోనే పుట్టింది. అది అంబేడ్కర్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. అందులో విదేశీ కాన్సులేటు లేదు. బరోడా ప్రభువు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళినవాడు, చదువు ముగించి స్వదేశానికి తిరిగి వస్తే, అదే బరోడాలో తల దాచుకోవడానికి చోటు దొరకలేదు. పార్సీల సత్రంలో మారుపేరుతో ఉంటే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. స్వదేశంతో బంధాలు రుజువు చేయమని అడిగే చట్టానికి ఇంతకన్నా పదునైన సమాధానం నాకు తెలియదు. బంధం మనిషి వైపునుంచే ఉంటే సరిపోదు, దేశం వైపునుంచి కూడా ఉండాలి. నేడు తెలంగాణలో ఆయన పేరుతోనే విదేశీ విద్యానిధి ఉంది. దళిత, గిరిజన విద్యార్థులకు 20 లక్షల వరకు సహాయం ప్రకటించారు. అది మంచి పని. కాని నిధి మంజూరైన విద్యార్థి కూడా ఆ కిటికీ ముందు ఆస్తి లేనివాడుగానే నిలబడతాడు. ఊరి బావి దగ్గర ఆపినవాళ్ళను దాటుకుని వచ్చినవాడు గాజు కిటికీ దగ్గర మళ్ళీ ఆగవలసి వస్తోంది.

నా వాదన మీద వచ్చే ఆక్షేపణలు నాకు తెలియనివి కావు. మొదటిది మన శిబిరం నుంచే వస్తుంది: విదేశీ చదువు మధ్యతరగతి మోజు, అభ్యుదయ రచయిత దానికోసం కన్నీరు కార్చడమేమిటి? గల్ఫు దేశాలకు వెళ్ళే కూలీల కథ లేదా? ఉంది, రాయాలి, కొందరు రాస్తున్నారు కూడా. కాని కౌలురైతు కొడుకు ఇల్లు తాకట్టుపెట్టి వరుసలో నిలబడిన తరువాత ఇంకా దాన్ని మోజు అనడం, సమాజాన్ని పాత పటంతో చూడడమే అవుతుంది. వ్యవసాయం గిట్టక, ఇక్కడి డిగ్రీకి ఉద్యోగం పుట్టక, అప్పుచేసి భవిష్యత్తును కొనుక్కోవడానికి పోయేవాడు శ్రామికుడు కాబోయేవాడే. అతన్ని మధ్యతరగతి అని తోసివేస్తే, అతనికి ఓదార్పు ఎక్కడ దొరుకుతుంది? చిలుకూరు బాలాజీని జనం వీసా బాలాజీ అనడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. పదకొండు ప్రదక్షిణలు చేసి కోరుకోవడం, కోరిక తీరితే వచ్చి నూట ఎనిమిది చేయడం. హేతువు లేని చోట మనిషి మొక్కుకుంటాడు. అక్కడ నిరాకరణకు హేతువు చెప్పరు గదా!

రెండో ఆక్షేపణ: మనవాళ్ళు దొంగ కాగితాలతో, దొంగ కళాశాలల పేరుతో వెళ్ళబట్టే గదా ఈ కట్టుబాట్లు? ఈ మాటలో కొంత నిజం ఉంది, దాన్ని దాచరాదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం మీద దాడి జరిగినప్పుడు అక్కడ పేర్లు నమోదై ఉన్నవారిలో అధికులు ఆనాటి ఆంధ్రప్రదేశ్ వాళ్ళే. కాని ఆ మోసపు బడిని నడిపింది విద్యార్థులు కారు; కాళ్ళకు రేడియో కడియాలు పడింది మాత్రం విద్యార్థులలో కొందరికి. 2019లో బయటపడిన మిషిగన్ రాష్ట్రపు ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం సంగతి ఇంకా విడ్డూరం. ఆ విశ్వవిద్యాలయాన్ని సృష్టించిందే ప్రభుత్వపు వలస అధికారులు. బడి లేదు, పంతులు లేడు. ఫీజులు మాత్రం తీసుకున్నారు. పట్టుబడినవారిలో ఎక్కువమంది మళ్ళీ తెలుగు పిల్లలే. తెలిసి చేరినవాళ్ళూ ఉండవచ్చు, ఏజెంట్లను నమ్మి చేరినవాళ్ళూ ఉండవచ్చు. కాని తిరిగి వస్తామన్న కల్పనను విద్యార్థి చేత బలవంతంగా రాయించిన వ్యవస్థ, విశ్వవిద్యాలయాన్నే కల్పించి విద్యార్థిని పట్టుకుంది. కల్పన ఎవరి వృత్తి అని అడగవలసి వస్తోంది.

మూడో ఆక్షేపణ: ఏ దేశానికైనా తన గుమ్మంలో ఎవరు రావాలో నిర్ణయించుకునే హక్కు లేదా? ఉంది. గుమ్మం ఉండడాన్ని నేను కాదనడం లేదు. చదువు గురించి అడగండి, మార్కులు చూడండి, కాదంటే కారణం చెప్పండి, పై విచారణకు అవకాశం ఇవ్వండి. మనసులోని రేపటిని అమ్మకానికి పెట్టమనవద్దు. అంతే నా మనవి. ఆ పని అసాధ్యమేమీ కాదు. ఆస్ట్రేలియా 2024 మార్చిలో, తాత్కాలికంగానే వస్తున్నానన్న ప్రకటనను తీసేసి, నిజమైన విద్యార్థివా కాదా అన్న పరీక్ష పెట్టింది. రుసుము పెంచిన చేతితోనే ఆ పనీ చేసిందనుకోండి.

ఇప్పుడు ఈ వ్యవహారం రచన మీదికే వచ్చింది. 2025 జూన్ నుంచి అమెరికా విద్యార్థి వీసా కోరేవాళ్ళు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనబడేటట్టు తెరిచి ఉంచాలి. అదే ఏడాది మార్చిలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న టర్కీ విద్యార్థిని రుమేసా ఓజ్‌తుర్క్‌ను వీధిలో పట్టుకుని, ఆరు వారాలకు పైగా నిర్బంధంలో ఉంచారు. అంతకు ఏడాది ముందు విద్యార్థి పత్రికలో పాలస్తీనా విషయమై మరి ముగ్గురితో కలిసి ఒక వ్యాసం రాయడం తప్ప ఆమె చేసిన పనిగా ఏదీ బయటికి రాలేదు. మే నెలలో న్యాయస్థానం విడిపించింది. ఆ వార్త ఇక్కడ ఏం చేసిందో నాకు తెలుసు. మా గోడపత్రికలో యుద్ధం మీద కవిత రాసిన అమ్మాయి పేరు తీసేయమంది. మరొకడు తన ఫోనులో నాలుగేళ్ళ రాతలు చెరిపేసుకున్నాడు. కాన్సులేటు వాళ్ళను ఇంకా చూడనే లేదు. అది వాళ్ళను చూస్తోందన్న ఊహ చాలింది. 1952లో నెరూడాలను ఆపడానికి చట్టం కావలసి వచ్చింది. ఇప్పుడు మా మెట్ట ప్రాంతపు పిల్ల చేత ఆమె కవితకు ఆమె పేరు లేకుండా చేయడానికి, కాబోయే వీసా సరిపోతోంది.

అందుచేత నా వాదన సారాంశం ఇది. 'తిరిగి వెళ్ళాలా?' అన్న ప్రశ్నతో వలస కథ రాసే రచయిత, ఆ ప్రశ్న ఆ పాత్రకు మొదటిసారి ఎక్కడ ఎదురయిందో వెతకాలి. పాతికేళ్ళ తరువాత పెరటిలో తులసి మొక్క చూసి బెంగపడే కథానాయకుడు, ఒకనాడు ప్రతిజ్ఞ చేసి దాన్ని తప్పినవాడు. ఆ ప్రతిజ్ఞ అతని చేత బలవంతంగా చేయించారు. అతని బెంగలో మమకారంతోపాటు ఆ పాత అబద్ధపు బరువు కూడా ఉంది. దాన్ని చూపించిన కథ మమకారాన్ని తక్కువ చేయదు. దానికి కారణాన్ని చెబుతుంది. అలాగే అతని పక్కన వరుసలో నిలబడి వెనక్కి వచ్చినవాడు ఏమయ్యాడో కూడా కథ కావాలి. వాడు ఊళ్ళోనే ఉన్నాడు. వడ్డీ కడుతున్నాడు. చట్టం వాడి గురించి వేసిన లెక్క తప్పిందనడానికి సజీవ సాక్ష్యంగా బతుకుతున్నాడు.

విమర్శ అన్నది ఇతరుల రచనలకే పరిమితం కారాదు గనుక, నా తప్పు ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ కుర్రవాడి తెలుగు వ్యాసాన్ని మూడేళ్ళ క్రితం మా సంచికలో వేశానుగాని, ఆ చివరి పేరా వేయలేదు. 'తెలియదు' అన్న మాటతో వ్యాసం ముగిస్తే నీరసంగా ఉంటుందని, దాన్ని కొట్టివేసి, చదువు పూర్తి కాగానే వచ్చి ఊరికి సేవ చేస్తానన్న వాక్యం ఒకటి నేనే రాశాను. కన్సల్టెన్సీ వాడు డబ్బు తీసుకుని చేసిన పనిని నేను ఉచితంగా చేశాను. కిటికీ కాన్సులేటులోనే ఉందనుకోవడం పొరపాటు. సంపాదకుడి బల్ల మీద కూడా ఉంది.

ఈ ఏడాది సంచికలో ఆ పేరాను ఉన్నదున్నట్టుగా వేస్తున్నాను. అనుమతి కోసం ఫోను చేశాను. వేయండి మాస్టారూ అన్నాడు. ఒక క్షణం ఆగి, పేరు మాత్రం వేయవద్దన్నాడు. మళ్ళీ దరఖాస్తు పెడుతున్నాడట.